రోహిణి కార్తెలో హీటరు

ఆ రోజు గురువారం. రోహిణి కార్తె వచ్చి నాలుగు రోజులైంది. మధ్యాహ్నం పన్నెండూ నలభై. గడియారం చూడటం నాకు అప్పటికి రాదు కాబట్టి మా ఆయన్ని రెండుసార్లు అడిగి మరీ గుర్తుపెట్టుకున్నాను. విశాఖపట్నంలో కుక్కలు కూడా కాలవలో దిగి పడుకునే ఆ వేళ, హార్బరు వెనక సందులో, అద్దాలన్నీ బిగించిన ఒక పాత కారులో ఆరుగురం ఇరుక్కుని కూర్చుని, హీటరు పూర్తిగా తిప్పి, వేడి సరిగ్గా వస్తోందా లేదా అని చూస్తున్నాం. నమ్మకపోతే మీ ఇష్టం. అబద్ధాలు రాయడానికి నేను అక్షరాలు నేర్చుకోలేదు.

అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. మహిళా సంఘంలో వేలిముద్ర వేస్తుంటే పక్కన కూర్చున్నావిడ నవ్విందని కోపమొచ్చి సంతకం నేర్చుకున్నాను. సంతకం వచ్చాక మిగతా అక్షరాలు మాత్రం ఏం పాపం చేశాయని అన్నీ నేర్చుకున్నాను. అందుకని నా రాతలో సొగసులు ఉండవు. మొన్న మా షెడ్డు పైరేకులు మార్పిస్తుంటే దూలం మీద నుంచి ఒక ఇనుప తీగ కిందపడింది. దానికి నలభైకి పైగా ఇత్తడి మూతలు గుచ్చి ఉన్నాయి, చిలుం పట్టి పచ్చగా. రేకులు మార్చే మనిషి దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, "ఇదేటి మామ్మా, దేవుడికేసిన దండా?" అన్నాడు. "దేవుడికి కాదు నాయనా. మా మావ తన గొప్పకి తనే ఏసుకున్నాడు" అన్నాను. ఆ దండ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఆ వారమంతా కళ్ళముందుకొచ్చింది.

మా మావ సన్యాసయ్య. నేను భీమునిపట్నం నుంచి కోడలిగా వచ్చేనాటికే ఆయన పెద్ద మెకానిక్కు. కార్లతో మొదలుపెట్టినవాడు కాదు. వయసులో ఉన్నప్పుడు మరబోట్ల ఇంజన్లు చేసేవాడు. బోటు ఇంజనుకి నీళ్ళకి కరువుండదు. సముద్రం నీళ్ళు ఒక పక్క తోడుకుంటుంది, రెండో పక్క సముద్రంలోకే ఉమ్మేస్తుంది. ఆ చదువుతోనే కార్లలోకి వచ్చాడు. కారులో అలా కాదు. ఇంజను చుట్టూ తిరిగే నీళ్ళు బాగా కాగేదాకా రేడియేటరు వైపు పోనివ్వకుండా దారికి అడ్డంగా ఒక ఇత్తడి మూత ఉంటుంది. నీళ్ళు కాగాక తనంతట తనే తెరుచుకుంటుంది. మా షెడ్డులో దాన్ని వాల్వు అనేవారు. దాన్ని చూస్తే మా మావకి ఒళ్ళు మంట. ఏ కారు వచ్చినా, ఏ పనికి వచ్చినా, బ్రేకుల కోసం వచ్చినా సరే, ముందు ఆ వాల్వు పీకేసేవాడు. "నీళ్ళకి తలుపులేటి? ఇటు తోడితే అటు పోవాల. ఎండలకి సచ్చీ ఊర్లో నీళ్ళకి అడ్డమెట్టినోణ్ణి అట్టుకొచ్చి ఓ ఏసంగి మన సందులో ఉంచాల!" అనేవాడు. పీకిన వాల్వుని, కడుపులో రాయి తీసిన డాక్టరు చూపించినట్టు, కారు యజమానికి చూపించి తీగకి గుచ్చేవాడు. వాళ్ళు కూడా దణ్ణం పెట్టి పోయేవాళ్ళు. ఇంజను వేడెక్కడం మా ఊరి కార్లకి అంత పెద్ద జబ్బు మరి.

ముందు షెడ్డు, వెనక రెండు గదుల ఇల్లు. వంటగది తలుపు తీస్తే నేరుగా షెడ్డే. డీజిలు వాసన, ఎండు నెత్తళ్ళ చేపల వాసన కలిసిపోయి, మూడో నెలకి రెండింటికీ తేడా మర్చిపోయాను. మావ పొద్దున్నే రాగిపిండితో కాచిన చోడి అంబలి ఉల్లిపాయతో తాగేవాడు. మధ్యాహ్నం చేతులు ముందు కిరసనాయిలుతో, తర్వాత రంపపు పొట్టుతో, తర్వాత సబ్బుతో కడుక్కునేవాడు. అయినా అన్నం ముద్ద నల్లగానే నోట్లోకి పోయేది. మా అత్త అప్పయ్యమ్మ గుమ్మంలో కూర్చుని అడ్డపొగ తాగేది. అడ్డపొగంటే చుట్టని తిరగేసి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగడం. మాటలు, తిట్లు, కోడలికి పనులు పురమాయించడం, అన్నీ ఆ నిప్పు నోట్లో ఉండగానే. నేను కొత్త కోడల్ని. మావతో ఎదురుగా మాట్లాడకూడదు. భోజనానికి పిలవాలన్నా తలుపు చాటున నిలబడి, "అత్తా, అన్నం ఆరిపోతంది" అని గట్టిగా అనాలి. అత్త పక్కింటికి పోతే స్తంభానికి చెప్పాలి. స్తంభానికి నేను చెప్పిన మాటలే ఎక్కువ.

ఆ వారం మంగళవారం నాడు అప్పలనాయుడు గారు వచ్చారు. ఆయన ఉక్కునగరంలో క్వార్టర్సులో ఉండేవారు. పల్లెలో వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టి, ఉక్కు ఫ్యాక్టరీలో చేరి, ఏళ్ళ తరబడి కరిగిన ఇనుము ముందు నిలబడ్డ మనిషి. గుండెలు పాడవుతున్నాయని ఆ కొలిమి దగ్గర్నుంచి తీసేసి, ఏసీ గదిలో కాయితాల దగ్గర కూర్చోబెట్టారు. అప్పట్నుంచి ఆయనకి చలి. ఫ్యాక్టరీ కట్టడానికొచ్చి వెళ్ళిపోయిన పరాయి దేశపు ఇంజినీరు వదిలేసిన కారొకటి కొనుక్కున్నారు, ఒక్క హీటరు కోసం. ఆ కారు పుట్టిన ఊళ్ళో మంచు కురుస్తుందట. మాఘమాసంలో మా షెడ్డుకి సర్వీసుకి తెచ్చారు. ఇప్పుడు మళ్ళీ వచ్చారు. రోహిణి కార్తెలో, స్వెట్టరు వేసుకుని, చెవులు మూసే ఊలు టోపీ పెట్టుకుని.

"సన్నాసయ్య బావా, కారులో వేడి తగ్గిపోనాది" అన్నారు.

మావ బోనెట్టు మీద చెయ్యేసి చూశాడు. "తగ్గితే మంచిదే గదా."

"ఇంజను కాదు. లోపల. హీటరు. సలేత్తంది."

మావ ఆయన స్వెట్టరు చూశాడు. ఆకాశం చూశాడు. "ఇన్నేళ్ళూ వేడెక్కిపోతందని ఏడిసినోళ్ళనే సూసాను నాయుడూ. సల్లగున్నాదని ఏడుత్తా వచ్చినోడివి నువ్వొక్కడివే."

ఈలోగా కారు రెండో తలుపు తీసుకుని వాళ్ళావిడ సత్యవతి గారు దిగారు, తాటాకు విసనకర్ర విసురుకుంటూ. చీర వీపుకి అతుక్కుపోయి ఉంది. "అదే నానూ సెప్తన్నాను అన్నయ్యా. ఈయనకి మతి సెలించింది. రాత్రి పక్క మీద దుప్పట్లు రెండు. సుట్టూ ఉన్నోళ్ళు నవ్వుతన్నారు. శుక్రవారం పొద్దున్న సీతమ్మధారలో మనసు డాక్టరికి సూపిత్తన్నాను. కారు బాగానే ఉన్నాదని మీరో మాట అనీయండి. ఆ మాటే డాక్టరికి సెప్పీస్తాను."

"డాక్టరు పిచ్చని రాసిచ్చీసాడనుకో, ఉన్న ఉద్యోగం కూడా పోద్ది" అన్నారు నాయుడు గారు. నవ్వుతూ అన్నారు గాని చేతులు చంకల్లో పెట్టుకున్నారు. "వేడి తగ్గింది కారులోనో నా ఒంట్లోనో నాకే తెలీట్నేదు బావా. అదొక్కటీ తేల్చు. కారులో తగ్గితే నువ్వు బాగు సెయ్యి. నా ఒంట్లో తగ్గితే నోరు మూసుకుని ఆవిడెనక ఎలిపోతాను."

నేను వంటగదిలో చేపలు తోముతున్నదాన్ని చేపలు వదిలేసి తలుపు చాటుకి వచ్చాను. నవ్వొచ్చే మాట మీద నవ్వు రాకపోవడం నాకు అదే మొదటిసారి.

మావ ఇంజను స్టార్టు చేసి, హీటరు తిప్పి, గాలొచ్చే కన్నం దగ్గర చెయ్యి పెట్టాడు. "వేడిగానే వత్తంది గదా!"

"కిటికీలోంచీ అలాగే వత్తంది గదా బావా" అన్నారు నాయుడు గారు.

అది నిజమే. ఆ ఎండలో ఎక్కడ చెయ్యి పెట్టినా వేడే. కారు హీటరు పనిచేస్తోందో విశాఖపట్నం పనిచేస్తోందో ఎలా తెలియాలి? మా ఆయన సింహాచలం చెయ్యి పెట్టి, "గోరువెచ్చగా ఉన్నట్టే ఉన్నాది" అన్నాడు. ఆయన ఏ విషయంలోనూ అంతకన్నా గట్టిగా చెప్పినవాడు కాదు. చివరికి మావ అత్తని పిలిచాడు. ఇంట్లో వేడి సంగతి ఆవిడకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? అత్త నోట్లో నిప్పుతో ముందు సీట్లో కూర్చుని, కన్నానికి చెంప ఆనించి, కళ్ళు మూసుకుంది. "నా నోట్లో పొగ ఇంతకన్నా వేడి. ఇది హీటరు కాదు, ఊపిరి. అదీ ముసిలోడి ఊపిరి" అంది.

మావకి పౌరుషం వచ్చింది. తను ఒకసారి చేతులు పెట్టిన కారు మళ్ళీ జబ్బుతో రావడమంటే ఆయనకి తలవంపులు. కారు ఉంచి పొమ్మన్నాడు. ఆ సాయంత్రమే రేడియేటరులో నీళ్ళు చూశాడు. నిండా ఉన్నాయి. ఇంజనులో కాగిన నీళ్ళు హీటరుకి పోయే గొట్టాలు చూశాడు. ఎక్కడా చిల్లు లేదు, మడత లేదు. లోపల ఉండే కుళాయి తిప్పి చూశాడు, బాగానే తిరుగుతోంది. బుధవారం పొద్దున్న డాష్‌బోర్డు కింద ఉండే చిన్న రేడియేటరుని ఊడదీసి, పేరుకుపోయిన బురద వస్తుందని బకెట్టు పట్టుకుంటే, తాగేటంత తేట నీళ్ళు వచ్చాయి. ఆ తేట నీళ్ళు చూసి ఆయన మొహం ఇంకా నల్లబడింది. బురద ఉంటే బాగుండేది. బురదైతే ఎవరిదో తప్పు.

ఐసు ఆలోచన నాదే. మా పుట్టింట్లో గంపలో ఐసు ఎంత కరిగిందో చూసి చేప ఎండలో ఎంతసేపు ఉందో చెప్పేవాళ్ళం. స్తంభానికి చెప్పాను. మావ విననట్టే ఉండి, కాసేపటికి, "ఒరే సింహాచలం, హార్బరుకెల్లి ఐసు అట్టుకురా" అన్నాడు తనకే తోచినట్టు. ఒకే కొలత ముక్కలు రెండు కొట్టారు. ఒకటి కారులో హీటరు కన్నం ముందు, ఒకటి మా వీధి గుమ్మం బండ మీద. ఇంజను ఆడుతోంది, హీటరు ఊదుతోంది. మా ఆయన కారు దగ్గర, అత్త బండ దగ్గర కాపలా. బండ మీది ఐసు ముందు అయిపోయింది. అత్త తడి అరిచెయ్యి ఎత్తి చూపించి, "నీ హీటరు కన్నా నా గుమ్మమే నయం. నాయుణ్ణి ఇక్కడ కూర్చోమను" అంది. వేడి తగ్గింది మనిషిలో కాదు, కారులోనే అని ఆ బండ తేల్చింది. కాని బండ సాక్ష్యానికి సత్యవతి గారు ఒప్పుకోరు గదా. హీటరు నిజంగా కాలితేనే ఆవిడ నమ్ముతారు. శుక్రవారం ఎల్లుండే.

గురువారం పొద్దున్న తొమ్మిదింటికల్లా భార్యాభర్తలు వచ్చేశారు. నేను పొయ్యి మీద ఆలిచిప్పలు ఉడికిస్తున్నాను, ముందురోజు మా అన్న భీమిలి నుంచి తెచ్చినవి. ఇంజను ఆడుతూనే ఉంది. మావ హీటరు గొట్టాన్ని ఉత్తచేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. అత్త కూడా వెళ్ళి పట్టుకుని, "ఈ నీళ్ళు పసిగుంటకి పోయొచ్చు" అంది.

"మరేటనుకున్నావు!" అన్నాడు మావ, నాయుడు గారి వైపు తిరిగి, అంత దిగుల్లోనూ మీసం దువ్వుకుని. "ఇంత ఎండలో ఇంతసేపు ఆడిన ఇంజను నీళ్ళు సూడు, సెయ్యి కాలదు. ఇంత సల్లగా ఇంజన్ని ఉంచీ మొగోడు ఈ విశాపట్నంలో ఇంకోడున్నాడేటి?"

పొయ్యి మీద నీళ్ళు కాగేకొద్దీ చిప్పలు ఒక్కొక్కటే నోళ్ళు తెరుస్తున్నాయి. నాకు దూలం మీది దండ కనిపిస్తోంది. స్తంభం పక్కనే ఉంది. అత్త ఎదురుగానే ఉంది. ఆ రెండింటినీ దాటి నా నోరు తెరుచుకుంది.

"మావా, నీళ్ళు కాగితే గదా వేడొచ్చీది. కాగనివ్వంది నువ్వే గదా. ఈ కారు మూత కూడా నువ్వే పీకీసి దండకి గుచ్చీసావు."

అత్త నోట్లో చుట్ట అటు తిరగబోయి ఇటు తిరిగింది. మా ఆయన కారు కిందకి దూరిపోయాడు, అక్కడ పనేమీ లేదు. కోడలు మావ మొహం చూసి మాట్లాడింది, అదీ తప్పు పట్టడానికి, అదీ పరాయివాళ్ళ ముందు. మావ నన్ను చూడలేదు. దూలం వైపు చూశాడు. అలా ఎంతసేపు చూశాడో గడియారం వచ్చినవాళ్ళు చెప్పాలి. తర్వాత బల్ల ఎక్కి దండ దింపాడు.

"సత్యవతమ్మా, కారుకి పిచ్చెక్కించినోణ్ణి నాను. మీ ఆయనకేటీ నేదు" అన్నాడు.

ఆవిడ విసనకర్ర ఆపారు. "వేడొచ్చాక సెప్పండి అన్నయ్యా" అన్నారు. ఆవిడా తక్కువ మనిషి కాదు.

ఇప్పుడు ఆ దండలో నాయుడు గారి కారు మూత ఏది? కొలతకి సరిపోయేవి మూడు దొరికాయి. మూడూ ఉప్పుగాలికి చిలుం పట్టి అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. అందులో ప్రాణమున్నది ఏదో తెలియాలి. "చిప్పలైతే ఉడకబెడితే తెలిసిపోద్ది. నోరు తెరవంది సచ్చిన సిప్ప, పారీడమే" అన్నాను. ఒకసారి తెరిచిన నోరు గదా, ఇక మూయలేదు. మావ వంటగదిలోకి వచ్చాడు. ఆ ఇంట్లో ఆయన పొయ్యి దగ్గరికి రావడం నేను చూసింది అదొక్కసారే. చిప్పలు తీసేసి, ఆ నీళ్ళలోనే మూడు మూతలూ వేశాడు.

"నా సేపల దాక!" అని అత్త అరిచింది. "ఇంజను సామాను పులుసెడతన్నావేటి? మీ అబ్బొచ్చి తింతాడేటి?"

నీళ్ళు తెర్లాయి. అందరం దాక మీదికి వంగాం, పరాయి ఇంటి వంటగదిలో సత్యవతి గారు కూడా. ఒక మూత ఉలకలేదు. రెండోది సగం తెరిచి ఆగిపోయింది. మూడోది మెల్లగా, చిప్ప తెరిచినట్టు, నోరంతా తెరిచింది. నాయుడు గారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. మావ దాన్ని పట్టకారుతో తీసి, చల్లారేదాకా కూడా ఆగకుండా పట్టుకుపోయి బిగించాడు. ఆ చిప్పలు ఎవరూ తినలేదు. అత్త ఆ దాకని మూడుసార్లు బూడిదేసి తోమించి, తర్వాత కూడా అందులో పులుసు డీజిలు కొడుతోందని నా మీదే పడేది.

ఆ తర్వాతి సంగతి మొదట్లో చెప్పినదే. సత్యవతి గారు తనే కూర్చుని చూస్తానన్నారు. వేడి కొలవడానికి అత్త ఎక్కింది. ఐసు పట్టుకుని మా ఆయన ఎక్కాడు. నేను ఎక్కనంటే, "నువ్వే గదా అన్నావు, ఎక్కు" అని అత్త లోపలికి లాగింది. ముందు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చి, సందులో ఆపి, ఇంజను ఆడుతుండగా అద్దాలు బిగించి హీటరు తిప్పారు. మొదట ఊపిరి. తర్వాత చుట్ట పొగ. ఆ తర్వాత, నాకు వేరే మాట రాదు, కొలిమి. మా ఆయన అరిచేతిలో ఐసు చూస్తుండగానే నీళ్ళయిపోయింది. అత్త నోట్లోంచి చుట్ట తీసేసింది. "నాను ఓడిపోనాను" అంది. సందులో పోయేవాళ్ళు ఆగి, అద్దాలేసుకున్న కారులో ఆరుగురం కదలకుండా, మొహాలన్నీ తడిగా కూర్చుని ఉండటం చూసి, ఎవరో పోయారనుకుని చెప్పులు విప్పి నిలబడ్డారు.

శుక్రవారం వాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. భీమిలి వెళ్ళొచ్చారు, ఆయన హీటరు వేసుకుని, ఆవిడ తల కిటికీలోంచి బయటపెట్టుకుని. ఆ కారు ఇనుప సామాను వాడికి పోయేదాకా అలాగే తిరిగారు. మావ ఆ తర్వాత కూడా వాల్వులు పీకడం మానలేదు. కాకపోతే, పీకే ముందు, "ఏటి కోడలా, పీకీమంటావా?" అని తలుపు వైపు చూసి అడిగేవాడు. నేను తలుపు చాటు నుంచి బయటికి వచ్చి జవాబు చెప్పేదాన్ని. స్తంభానికి పని పోయింది.

దండ దొరికిందని కబురు పెడితే మొన్న సత్యవతి గారు వచ్చారు. ఇప్పుడు సీతమ్మధారలో ఉంటున్నారు. నాయుడు గారు పోయి చాలా కాలమైంది. మావా, అత్తా, మా ఆయనా కూడా పోయారు. ఆవిడ వచ్చింది పెద్ద కారులో. తలుపు తీస్తే ఐసు గిడ్డంగి తలుపు తీసినట్టుంది. లోపల ఆవిడ శాలువా కప్పుకుని ఉన్నారు. "ఏసీ తగ్గించమంటే డ్రైవరికి సరిపోదంట పైడమ్మా. నాకు సలేత్తంది" అన్నారు. అని, నా మొహం చూసి, తనే నవ్వేశారు. నవ్వి, కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడు ఊరంతా ఉడికిపోతుంటే చలన్న మనిషిని పిచ్చివాడన్నాం. ఇప్పుడు ఇళ్ళూ, కార్లూ, ఆఫీసులూ అన్నీ చల్లబెట్టుకుని, మండే ఎండలో శాలువాలు కప్పుకుంటున్నాం. ఎవరికీ డాక్టరు అక్కర్లేదట. ఇప్పుడు మెకానిక్కు కారుకి వైరు తగిలించి, అద్దంలాంటి దానిలో చూసి జబ్బు చెప్పేస్తాడు. మంచిదే. కాని ఒక మనిషికి పిచ్చి లేదని తేల్చడానికి ఆ అద్దం ముందు ఎవరూ చెమటలు కక్కుతూ కూర్చోరు. దండలోంచి ఆవిడకొక మూత ఇచ్చాను. నోరు తెరిచిన ఆ మూత కాదు, అది కారుతోనే పోయింది. సగం తెరిచి ఆగిపోయినది ఇచ్చాను.

ఆ రోజు ఆ కారులో ఎవరెవరు ఉన్నారో రాసిపెట్టాలి, నా తర్వాత చెప్పేవాళ్ళు లేరు. స్టీరింగు ముందు మా మావ సన్యాసయ్య, వేళ్ళు కాలి బొబ్బలతో. పక్క సీట్లో అప్పలనాయుడు గారు, టోపీ తీసేసి, స్వెట్టరు గుండీలు విప్పి, ఎన్నాళ్ళకో నుదుటి మీద పట్టిన చెమటని వేలితో తాకి చూసుకుంటూ. ఆయన వెనక సత్యవతి గారు, విసనకర్ర ఒళ్ళో పెట్టేసి, ఆయన మెడ మీద కారుతున్న చెమట వైపే చూస్తూ. మధ్యలో మా అత్త అప్పయ్యమ్మ, ఆరిన చుట్టతో. అత్త పక్కన మా ఆయన సింహాచలం, తడి అరిచేతితో. ఇంకో కిటికీ దగ్గర నేను, పైడమ్మని, అద్దం దించే పిడి పట్టుకుని, ఎవరైనా "ఇక సాలు" అంటారేమోనని చూస్తూ. ఎవరూ అనలేదు.